బైకు మీద మోసుకెళ్లే యాంప్‌లో ట్యూబ్ సౌండ్ వస్తుందా?

ప్రశ్న: మాది తిరుపతి. బైరాగిపట్టెడలో మిద్దె మీద గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. కింద ఇంటి ఓనరు వాళ్లుంటారు, వాళ్లింట్లో వయసు మళ్లిన పెద్దావిడ ఉన్నారు. నా దగ్గర మూడు పికప్‌ల ఎలక్ట్రిక్ గిటార్ ఉంది. ఇళయరాజా పాటల్లోని గిటార్ బిట్లు, కొంచెం బ్లూస్ వాయిస్తాను. ఈమధ్య అన్నమయ్య కీర్తనలు కూడా గిటార్ మీద ప్రయత్నిస్తున్నాను. శని, ఆదివారాల్లో స్నేహితుల ఆర్కెస్ట్రాతో రిసెప్షన్లకు వెళ్తాను. పాత రికార్డుల్లో వినిపించే వార్మ్ ట్యూబ్ సౌండ్ (పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులతో వచ్చే సౌండు) నాకు చాలా ఇష్టం. అది బైకు మీద తీసుకెళ్లే చిన్న యాంప్‌లో కావాలి, వీలైతే బ్యాటరీతో పనిచేయాలి. 25 వేల దాకా పెట్టగలను. అమెరికా నుంచి తిరిగొస్తున్న మా పెదనాన్న కొడుకు తన ఫెండర్ బ్లూస్ జూనియర్ ట్యూబ్ యాంప్‌ను ఇదే డబ్బుకు ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా?

— ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: మీ అన్న దగ్గరున్నది మంచి యాంప్. అయినా మీరు చెప్పిన పనికి దాన్ని తీసుకోవద్దు. మీకు కావలసింది 5 అంగుళాల స్పీకరుతో, పెన్సిల్ సెల్స్‌తో నడిచే చిన్న మోడలింగ్ యాంప్, అంటే పేరున్న ట్యూబ్ యాంప్‌ల సౌండును ఎలక్ట్రానిక్స్‌తో అనుకరించేది. ఇది చదివి మీకు నిరాశ కలగవచ్చు, ఎందుకంటే మీరు అడిగింది ట్యూబ్. అందుకే కారణాలు వివరంగా చెబుతాను. అవి తెలిస్తే చిన్న యాంప్‌లోంచి కూడా మీరు కోరుకున్న సౌండ్ చాలావరకు రాబట్టగలరు.

ముందు బ్యాటరీ సంగతి. బ్లూస్ జూనియర్‌లో మూడు 12ఏఎక్స్7 ప్రీయాంప్ ట్యూబులు (గిటార్ సిగ్నల్‌ను మొదట పెంచేవి), రెండు ఈఎల్84 పవర్ ట్యూబులు (స్పీకరును నడిపేవి) ఉంటాయి. ట్యూబు పనిచేయాలంటే లోపల హీటరు ఎర్రగా కాలుతూ ఉండాలి. ఆ వేడికే ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. 6.3 వోల్టుల దగ్గర 12ఏఎక్స్7 ఒక్కోటి 0.3 ఆంపియర్లు, ఈఎల్84 ఒక్కోటి 0.76 ఆంపియర్లు తీసుకుంటాయి. ఐదింటికీ కలిపి లెక్క వేయండి, దాదాపు 15 వాట్లు అవుతుంది. మీరు ఒక్క తీగ కూడా మీటకముందే, కేవలం హీటర్ల ఖర్చు అది. ఇప్పుడు రీఛార్జ్ అయ్యే ఏఏ సైజు (పెన్సిల్) సెల్స్ ఆరు తీసుకుందాం. ఒక్కోటి 1.2 వోల్టులు, 2,000 మిల్లీఆంపియర్ అవర్లు అనుకుంటే ఆరింటిలో ఉండే శక్తి 14 వాట్ అవర్లకు కొంచెం ఎక్కువ. అంటే హీటర్లే గంటలోపు వాటిని ఖాళీ చేసేస్తాయి. పైగా ట్యూబులో ఎలక్ట్రాన్లను లాగే ప్లేటుకు 300 వోల్టుల పైన డీసీ కావాలి, దాన్ని తయారుచేయడానికి ట్రాన్స్‌ఫార్మరు కావాలి, శబ్దాన్ని స్పీకరుకు అందించడానికి ఇంకో ట్రాన్స్‌ఫార్మరు కావాలి. ఇనుము, రాగి బరువంతా అక్కడే. బ్లూస్ జూనియర్ బరువు 14 కిలోలు. పెన్సిల్ సెల్స్‌తో నడిచే అసలు సిసలు ట్యూబ్ యాంప్ బజారులో కనబడకపోవడానికి కారణం ఇదే, కంపెనీల పిసినారితనం కాదు.

రెండోది, నా దృష్టిలో ఇంకా పెద్దది, సౌండు స్థాయి. పాత రికార్డుల్లో మీకు నచ్చిన ఆ నిండుదనం ట్యూబు మామూలుగా పనిచేస్తున్నప్పుడు వచ్చింది కాదు. దాని హద్దు దాకా తోసినప్పుడు వచ్చింది. ట్రాన్సిస్టర్ యాంప్‌ను హద్దు దాటిస్తే శబ్ద తరంగం పైభాగాన్ని కత్తితో కోసినట్టు కోసేస్తుంది, చెవికి గరగరమంటుంది. ట్యూబు అలా కాదు, కొంచెం కొంచెంగా వంచుతూ గుండ్రం చేస్తుంది. ఆ వంపులో కొత్త స్వరాలు పుడతాయి. మీరు కీర్తనలు వాయిస్తున్నారు కాబట్టి ఇలా చెబితే తేలికగా అర్థమవుతుంది: మీరు మధ్యస్థాయి షడ్జం మీటితే, దానికి రెండో హార్మోనిక్ (రెట్టింపు వేగపు కంపనం) తారస్థాయి షడ్జం, మూడోది (మూడింతల వేగం) తారస్థాయి పంచమం. ట్యూబు వీటిని అసలు స్వరానికి సన్నగా జత చేస్తుంది. మన చెవి దాన్ని వేరే స్వరంగా గుర్తించదు, ఉన్న స్వరమే బలంగా, తియ్యగా ఉందనుకుంటుంది. దీనికి తోడు, గట్టిగా మీటినప్పుడు యాంప్ కొంచెం నొక్కుకుపోయి మళ్లీ తేరుకుంటుంది. ఏసీని డీసీగా మార్చడానికి కూడా ట్యూబునే వాడిన పాత (ట్యూబ్ రెక్టిఫయర్) యాంప్‌లలో ఇది మరీ ఎక్కువ. స్వరం మొదట్లో అణిగి, తర్వాత విచ్చుకున్నట్టు వినిపించడం దానివల్లే.

ఇదంతా జరగాలంటే వాల్యూమ్ పెంచాలి. 15 వాట్ల ట్యూబ్ యాంప్, 12 అంగుళాల స్పీకరు, పది అడుగుల గది. పవర్ ట్యూబులు వంపు తిరిగే స్థాయికి పెంచితే పక్కనున్న మనిషి అరిచినా మీకు వినపడదు. కింద ఉన్న పెద్దావిడ మాట సరే, మీ చెవులకే ప్రమాదం. మాస్టర్ వాల్యూమ్ తగ్గించి, ప్రీయాంప్ పెంచి వాయించవచ్చు కదా అంటారు. వాయించవచ్చు, బ్లూస్ జూనియర్‌లో ఆ నాబ్ ఉంది. కానీ అప్పుడు పవర్ ట్యూబులు, స్పీకరు నిద్రలోనే ఉంటాయి. వచ్చేది సగం సౌండే. వాట్లు తగ్గినంత మాత్రాన శబ్దం అదే లెక్కన తగ్గదన్నది కూడా గుర్తుంచుకోండి. చెవికి శబ్దం సగమైనట్టు అనిపించాలంటే వాట్లు పదో వంతుకు పడిపోవాలి. అంటే 15 వాట్ల యాంప్‌తో పోలిస్తే ఒకటిన్నర వాట్ల యాంప్ సుమారు సగం గట్టిగా వినిపిస్తుంది. ఇంట్లో వాయించేవాళ్లకు ఒక వాటు ట్యూబ్ యాంపే ఎక్కువ.

ఇక అమెరికా యాంప్ గురించి ఒక హెచ్చరిక. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అక్కడ కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ప్లగ్గు మార్చి మన గోడ సాకెట్‌లో పెడితే ఫ్యూజు పోవడం అదృష్టం, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవడం దురదృష్టం. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకోవాలి, అది మళ్లీ రెండు మూడు కిలోలు. అది వోల్టేజీని మారుస్తుంది కానీ హెర్ట్జ్‌ని మార్చదు. 60కి మాత్రమే చేసిన ట్రాన్స్‌ఫార్మరు 50 దగ్గర ఎక్కువ వేడెక్కుతుంది. మన ఊళ్లో మే నెల ఎండ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. యాంప్ వెనక ప్లేటు మీద ఏం రాసుందో ఫొటో తీసి పంపమని మీ అన్నను అడగండి, అప్పుడు కనీసం ఎందుకు వద్దంటున్నారో ఆయనకూ తెలుస్తుంది.

ఎర్త్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇది మీరు ఏ యాంప్ కొన్నా వర్తిస్తుంది. గిటార్ తీగలు కేబుల్ ద్వారా యాంప్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. గదిలో ఎర్త్ సరిగా లేకపోయినా, కల్యాణ మండపంలో జనరేటర్ వైరింగ్ చేసినవాళ్లు ఎర్త్ వదిలేసినా, ఒక చేత్తో తీగలు పట్టుకుని మైకుకు పెదవులు తగిలినప్పుడు షాక్ కొడుతుంది. ప్రాణాలు పోయిన సందర్భాలు ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నాయి. మీ గదిలో మూడు పిన్నుల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి టెస్ట్ చేయించండి. ట్యూబ్ యాంప్ ఎప్పుడైనా కొంటే దాని వెనక మూత మీరే తీయవద్దు. ప్లగ్గు పీకేసినా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి. స్పీకరు కలపకుండా దాన్ని ఆన్ చేయడం కూడా కూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు దెబ్బతింటుంది.

మధ్యేమార్గంగా కొన్ని కనిపిస్తాయి. ఆరెంజ్ వాళ్ల మైక్రో టెర్రర్‌లో ప్రీయాంప్‌కు ఒక్క 12ఏఎక్స్7 ట్యూబు, పవర్‌కు ట్రాన్సిస్టర్లు. కిలో బరువు కూడా ఉండదు. వాక్స్ ఎంవీ50 ఇంకా తేలిక, అర కిలో పైచిలుకు. అందులో వాడిన న్యూట్యూబ్‌ను జపాన్‌లో కోర్గ్ సంస్థ, నోరిటాకే ఇట్రాన్‌తో కలిసి తయారుచేసింది. పాత క్యాసెట్ డెక్కుల్లో నీలి ఆకుపచ్చ రంగులో వెలిగే డిస్‌ప్లేలు గుర్తున్నాయా, ఆ సాంకేతికతతోనే చేసిన చిన్న ట్యూబు అది. చాలా తక్కువ కరెంటుతో పనిచేస్తుంది. నాకు ఆ ఆలోచన ఎంతో నచ్చింది. అయితే ఈ రెండింటికీ వేరే స్పీకరు క్యాబినెట్ కావాలి, అడాప్టరు కావాలి. జేబులో పట్టే యాంప్ కొని, బైకు మీద పట్టని క్యాబినెట్ మోయాల్సి వస్తుంది. మీకు కుదరదు.

ఇంకో రకంతో జాగ్రత్త. చవక పెట్టెల్లో ముందువైపు కిటికీలాంటి అద్దం, లోపల వెలుగుతున్న ట్యూబు కనిపిస్తుంది. కొన్నిట్లో ఆ నారింజ వెలుగు ట్యూబుది కాదు, వెనక పెట్టిన ఎల్‌ఈడీది. ట్యూబుకు చాలా తక్కువ వోల్టేజీ ఇచ్చి పేరుకు సర్క్యూట్లో పెడతారు. వెలుగు చూసి డబ్బు పెట్టకండి. కళ్లు మూసుకుని వినండి.

మరి ఏది కొనాలి? నేనైతే రోలాండ్ మైక్రో క్యూబ్ జీఎక్స్ తీసుకోమంటాను. 3 వాట్లు, 5 అంగుళాల స్పీకరు, ఆరు ఏఏ సెల్స్, బరువు మూడు కిలోల లోపు. భుజానికి తగిలించుకునే పట్టీ ఉంటుంది. అందులో బ్లాక్ ప్యానెల్ అనే మోడల్ 1960ల నాటి ఫెండర్ ట్విన్ తరహా, బ్రిట్ కాంబో అనే మోడల్ వాక్స్ ఏసీ30 తరహా. మీరు వింటున్న పాత రికార్డుల సౌండు ఎక్కువగా ఈ రెండు కుటుంబాల్లోనే ఉంటుంది. రివర్బ్ (పెద్ద హాల్లో వాయించినట్టు వచ్చే ప్రతిధ్వని) కూడా ఉంది, అది మీకు చాలా అవసరం. బాస్ కటానా మినీ దీనికన్నా చిన్నది, 7 వాట్లు, గెయిన్ (సౌండును గరుకెక్కించే) సర్క్యూట్ అనలాగ్, మూడు టోన్ నాబ్‌లు. చేతికి ట్యూబ్ యాంప్ లాగే స్పందిస్తుంది. కానీ స్పీకరు 4 అంగుళాలే, డిలే (మీటిన శబ్దం కొంచెం ఆగి మళ్లీ వినిపించడం) ఉంది కానీ రివర్బ్ లేదు. యమహా టీహెచ్‌ఆర్30‌ వైర్‌లెస్ మోడల్ వీటన్నింటికన్నా నిండుగా పలుకుతుంది, బ్యాటరీ లోపలే ఉంటుంది. అది మీ బడ్జెట్‌ను బాగా దాటుతుంది. ఒక ఏడాది ఆగి డబ్బు కూడబెట్టగలిగితే దాని గురించి ఆలోచించండి. ఫోన్ యాప్‌తో నడిచే యాంప్‌లు కూడా మంచివే వస్తున్నాయి. మీరు స్టేజీ మీద వాయించే మనిషి, పాట మధ్యలో ఫోను తీసి వెతుక్కోవడం నాకు ఇష్టం లేదు. నాబ్‌లున్నది కొనండి.

ఇప్పుడు అసలు పని. చాలామంది మోడలింగ్ యాంప్ కొని, గెయిన్ సగానికి పైన పెట్టి, ట్రెబుల్ పెంచి, "ట్యూబ్‌లా లేదు" అంటారు. మీరు బ్లాక్ ప్యానెల్ పెట్టండి. గెయిన్ గడియారంలో పది గంటల ముల్లు దగ్గర ఆపండి. టోన్ నాబ్ మధ్యకు కొంచెం కింద. రివర్బ్ ఉందా లేదా అనిపించేంత. గిటార్‌లో నెక్ పికప్, గిటార్ వాల్యూమ్ 7, టోన్ 6. ఇప్పుడు మెత్తగా మీటండి, తర్వాత గట్టిగా మీటండి. గట్టిగా మీటినప్పుడు మాత్రమే అంచు కొంచెం గరుకెక్కాలి. అలా రాకపోతే గెయిన్ వెంట్రుకవాసి పెంచండి. ఇంకా గరుకు కావాలంటే యాంప్ ముట్టుకోకుండా గిటార్ వాల్యూమ్ 10కి పెంచండి. పాతకాలం వాళ్లు వాయించింది అలాగే, యాంప్‌లో ఒక చోట పెట్టేసి మిగతాదంతా చేతి వేళ్లతో, గిటార్ నాబ్‌తో. బ్లూస్‌కు బ్రిట్ కాంబో బాగుంటుంది, గెయిన్ పన్నెండు దగ్గర.

పెట్టే చోటు కూడా సౌండులో భాగమే. చిన్న స్పీకరు బాస్ ఎక్కువ ఇవ్వలేదు, గోడకు ఆనించి గానీ గది మూలలో గానీ చెక్క స్టూలు మీద పెడితే బాస్ పెరుగుతుంది. స్పీకరు మొహం నేరుగా మీ చెవికి గురిపెట్టకండి. పదునైన శబ్దాలు టార్చిలైటులా సూటిగా వెళ్తాయి. కొంచెం పక్కకు కూర్చుంటే అదే యాంప్ మెత్తబడుతుంది. తీగలు మార్చేటప్పుడు ఒకసారి ప్యూర్ నికెల్ రకం వేసి చూడండి, మామూలు వాటికన్నా మెరుపు తక్కువ, మధ్యభాగం ఎక్కువ. ఖర్చు కొన్ని వందలే.

రిసెప్షన్ల దగ్గర మూడు వాట్లు ఏం సరిపోతాయన్న టెన్షన్ మీకు ఉంటుంది. మండపంలో ఆ యాంప్‌తో హాలంతా నింపే పని లేదు. దాని హెడ్‌ఫోన్స్/రికార్డింగ్ అవుట్ నుంచి కేబుల్ తీసి సౌండు అబ్బాయి మిక్సర్‌కు ఇవ్వండి. ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. మన దగ్గర చాలా ఆర్కెస్ట్రాల్లో గిటార్‌ను గానీ డిస్టార్షన్ పెడల్‌ను గానీ నేరుగా మిక్సర్‌లో పెట్టేస్తారు. దోమ చెవిలో దూరినట్టు వినిపించేది అందుకే. గిటార్ స్పీకరు 5,000 హెర్ట్జ్ పైన శబ్దాలను దాదాపుగా వినిపించదు, అదే దాని గొప్ప. మండపంలో హాలంతా వినిపించే పీఏ స్పీకర్లు 15,000 దాటినా వినిపిస్తాయి. గరుకు శబ్దంలోని చెత్తంతా పైన ఉంటుంది, అది వడకట్టకుండా బయటికి వచ్చేస్తుంది. యాంప్ రికార్డింగ్ అవుట్‌లో స్పీకరు సిమ్యులేషన్ ఉంటుంది కాబట్టి ఆ వడపోత ముందే జరిగిపోతుంది. మిక్సర్‌లో గిటార్ ఛానెల్‌కు హై నాబ్ మధ్యలో ఉంచమని, అవసరమైతే తగ్గించమని సౌండు అబ్బాయికి ముందే చెప్పుకోండి. ఆ జాక్ పెట్టగానే యాంప్ సొంత స్పీకరు ఆగిపోతుంది కాబట్టి మీకు మానిటర్‌లో గిటార్ కొంచెం కలపమని కూడా అడగండి. కేబుల్ స్టీరియో మినీ జాక్ నుంచి మిక్సర్ జాక్‌కు మారేది కావాలి, మండపంలో దొరకదు, మీ బ్యాగులోనే ఒకటి పెట్టుకోండి. కొత్త సెల్స్ ఒక సెట్టు కూడా.

కీర్తనలకు మాత్రం గరుకు అసలు వద్దు. ఒక్కో స్వరం విడిగా మీటుతున్నప్పుడు ట్యూబ్ గరుకు అందంగానే ఉంటుంది. శ్రుతి తీగ మోగుతుండగా పైన గమకం వాయిస్తే రెండు శబ్దాలూ గెయిన్‌లో కలిసి, రాగంలో లేని అడ్డమైన స్వరాలను పుట్టిస్తాయి. రిషభం ఒకచోట, గొణుగుడు ఒకచోట వినిపిస్తుంది. బ్లాక్ ప్యానెల్‌లో గెయిన్ ఎనిమిది గంటల దగ్గరకు దించి, వాల్యూమ్ పెంచుకోండి. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ రికార్డింగులు శ్రద్ధగా వినండి. ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద, యాంప్ ఇచ్చే నిలకడను వాడుకుని, తీగ మోత చావకముందే గమకాన్ని ఎంత నిదానంగా తిప్పారో గమనించండి. ఆ సౌండు పూర్తిగా శుభ్రంగా ఉంటుంది, అయినా పొడిగా ఉండదు. తిరుపతిలో ఉండి అన్నమయ్యను గిటార్ మీద పలికించాలనుకుంటున్నారు, ఆ ప్రయత్నం నాకు చాలా సంతోషం కలిగించింది. దాన్ని ఎఫెక్టుల కింద పూడ్చేయకండి.

కొనేముందు తప్పకుండా విని కొనండి. ఆన్‌లైన్ వీడియోల్లో వినిపించేది ఖరీదైన మైకు ముందు పెట్టిన యాంప్, మీ ఫోన్ స్పీకరులోంచి. దాన్నిబట్టి ఏమీ తేల్చలేం. మన ఊరి నుంచి చెన్నై 130 కిలోమీటర్ల పైచిలుకు, సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సెంట్రల్‌లో దిగుతారు. అన్నాసాలైలో 1842 నుంచి ఉన్న మ్యూసీ మ్యూజికల్ లాంటి పెద్ద షాపులున్నాయి. మీరు అనుకున్న మోడల్ షాపులో ఉందో లేదో ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోండి. చిత్తూరు వైపు పాఠకులకు బెంగళూరు కూడా దూరం కాదు. మీ గిటార్ మీరే తీసుకెళ్లండి, షాపులోని ఖరీదైన గిటార్‌తో టెస్ట్ చేస్తే యాంప్ గురించి తెలిసేది తక్కువ. రెండు యాంప్‌లు పక్కపక్కన పెట్టించి, రెండింటి శబ్దం చెవికి సమానంగా ఉండేలా వాల్యూమ్ సరిచేయించండి. కొంచెం గట్టిగా ఉన్నదే బాగున్నట్టు అందరి చెవికీ అనిపిస్తుంది, అమ్మేవాళ్లకు అది తెలుసు. మీ గదిలో వాయించేంత తగ్గువాల్యూమ్‌లో ఒకసారి, రిసెప్షన్‌లో మానిటర్‌గా వాడేంత గట్టిగా ఒకసారి వినండి. సెల్స్ మీద నడిపించి కూడా చూడండి.

25 వేలలో ఈ యాంప్, కేబుళ్లు, రీఛార్జ్ సెల్స్, ఛార్జరు కొన్నాక డబ్బు మిగలవచ్చు. దాన్ని దాచండి. ముందు ముందు సొంత ఇల్లో, శబ్దానికి అభ్యంతరం లేని గదో దొరికితే, అప్పుడు మన 230 వోల్టులకే చేసిన చిన్న ట్యూబ్ యాంప్ చూడండి. బ్లాక్‌స్టార్ హెచ్‌టీ-1ఆర్ ఒక వాటుది, బుగెరా వీ5 ఐదు వాట్లది. రెండింటికీ 8 అంగుళాల స్పీకర్లు. బుగెరాలో పవరును ఒక వాటుకు, 0.1 వాటుకు తగ్గించే స్విచ్ కూడా ఉంది, రాత్రిపూట పవర్ ట్యూబును తోస్తూ మెల్లగా వాయించడానికి అది నిజంగా పనికొస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుంటే ఆన్ చేసి అరగంట వాయించి, మూత తీయకుండానే ట్యూబులు అందితే, పెన్సిల్ వెనక రబ్బరుతో వాటిని మెల్లగా తట్టి చూడండి. స్పీకరులో గంట కొట్టినట్టు మోగితే ఆ ట్యూబు మార్చాలి, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి.